ఆలస్యంగా వచ్చినవాడి ఆట

అణుయుద్ధం తర్వాతి అమెరికాలో సాగే ఫాల్‌అవుట్ వీడియో గేమ్‌ల ఆధారంగా 2024 ఏప్రిల్‌లో టీవీ సిరీస్ వచ్చాక, ఆ ఆటల జోలికి ఎన్నడూ పోనివాళ్ళు కూడా వాటిని కొని ఆడటం మొదలుపెట్టారు. నాకు తెలిసిన ఒకతను ఆ వరసలోని న్యూ వేగాస్ ఆడుతూ ఆడుతూ నాకు ఫోన్ చేశాడు. ఎవరి పక్షాన చేరితే మంచి ముగింపు వస్తుంది, ఎవర్ని చంపకుండా వదిలెయ్యాలి, ఎక్కడ ఏ మాట అనాలి, అన్నీ ముందే చెప్పెయ్యమన్నాడు. ఒక్క నిర్ణయం తేడా వస్తే అన్ని గంటల ఆటా వృథా అవుతుందని అతని భయం. మాటల మధ్యలో, అందులోని వాల్ట్ 11 అనే భూగర్భ ఆశ్రయానికి వెళ్ళావా అని అడిగాను. "వెళ్ళొచ్చా. అక్కడేం లేదు. అస్థిపంజరాలు, గోడల నిండా పోస్టర్లు, కింద అంతస్తులో నీళ్ళు. కావలసిన సామాను తీసుకుని బయటపడ్డా" అన్నాడు.

అక్కడేం లేదన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అతన్ని తప్పుపట్టలేను. ఈ ఆటల్ని అమ్మేవాళ్ళూ, మెచ్చుకునేవాళ్ళూ, ఏది గొప్పదని రాత్రంతా వాదించుకునేవాళ్ళూ ఏళ్ళ తరబడి చెబుతున్నది ఒకే మాట: నీ నిర్ణయాలకి ఇక్కడ విలువుంది, నువ్వు ఎటు మొగ్గితే లోకం అటు మారుతుంది. ఆ మాట చెవిలో పెట్టుకుని అడుగుపెట్టినవాడికి, నిర్ణయించడానికి ఏమీ మిగలని చోటు ఖాళీగానే కనిపిస్తుంది.

నేను అనుకునేది ఇందుకు పూర్తిగా అడ్డం. ప్రళయం తర్వాతి లోకంలో తిరిగే ఈ ఆటలకి ప్రాణం మన నిర్ణయాల్లో లేదు. మనం చేరేసరికే అంతా అయిపోయిన చోట్లలో ఉంది. చచ్చినవాళ్ళు వదిలేసిన మాటల్ని చదివి, వాటిని బతికున్నవాళ్ళ దగ్గరికి మోసుకుపోయే పనిలో ఉంది. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో నాకు నేనే తేల్చుకోవాలని ఇది రాస్తున్నాను. కథలు విప్పే చెబుతాను, ఇంకా ఆడనివాళ్ళు ముందు ఆడి రండి.

వాల్ట్ 11లో ఏముంది

న్యూ వేగాస్‌ని 2010లో అబ్సిడియన్ వాళ్ళు తయారుచేశారు. అందులో హిడెన్ వ్యాలీ బంకర్లో ఉండే బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అనే సైనిక సంఘానికి గాలి శుద్ధిచేసే యంత్రం పాడవుతుంది. విడిభాగాల కోసం మనల్ని మూడు పాత వాల్ట్‌లకి పంపుతారు. వాల్ట్ 11 వాటిలో ఒకటి. అంటే మనం అక్కడికి పోయేది ఎవర్నో కాపాడటానికి కాదు, ఒక సామాను పట్టుకురావడానికి. ఇది చాలా ముఖ్యం. మనసు ఎక్కడో ఉండగా లోపలికి వెళతాం.

తలుపు దగ్గరే ఎముకలు కనిపిస్తాయి, పక్కన ఒక రికార్డింగ్ దొరుకుతుంది. కొన్ని గొంతులు వాదులాడుకుంటుంటాయి. బయటికి వెళ్ళి జరిగింది లోకానికి చెప్పాలని ఒకరు, మనకి ఆ అర్హత లేదని ఒకరు. తర్వాత తుపాకీ మోతలు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ముక్క అర్థం కాదు. లోపలికి నడిస్తే గోడల మీద ఎన్నికల పోస్టర్లు. ఓవర్‌సీర్, అంటే వాల్ట్ పెద్ద, పదవికి ఎన్నిక. వాటిని సరిగ్గా చదివితే కాళ్ళు ఆగిపోతాయి. పోటీలో ఉన్నవాళ్ళు తమకి ఓటు వెయ్యొద్దని బతిమాలుకుంటున్నారు. ఫలానావాడు ఎంత చెడ్డవాడో వివరించి, అందుకే అతన్ని గెలిపించండని ఇంకో పోస్టర్ అడుగుతోంది.

గది గదికీ పోయి టెర్మినళ్ళలో, అంటే పాత కంప్యూటర్లలో, మిగిలిన రాతలు చదివితే విషయం మెల్లగా తెలుస్తుంది. ఏడాదికొకర్ని బలి ఇవ్వకపోతే వాల్ట్‌లో అందరి ప్రాణాలూ తీస్తానని అక్కడి కంప్యూటర్ చెప్పింది. ఓవర్‌సీర్‌గా గెలిచినవాడే ఆ ఏటి బలి. ఓట్లు తమ చేతిలో ఉంచుకున్న ఒక ముఠా, భర్త పేరు పోటీలో పెట్టకుండా ఉండాలంటే తాము చెప్పినట్టు నడుచుకోవాలని కేథరిన్ స్టోన్ అనే ఆవిడని లొంగదీసుకుంటుంది. ఆ తర్వాత కూడా అతని పేరు పెట్టేస్తుంది. ఆవిడ ఆ ముఠా మనుషుల్లో కొందర్ని చంపి, ఆ నేరం మీదే తనని అందరూ ఓవర్‌సీర్‌ని చేసేలా చూసుకుంటుంది. పదవిలోకి రాగానే ఆవిడ చేసిన పని, ఎన్నికలు ఎత్తేసి పేరుని యంత్రమే యాదృచ్ఛికంగా తీసేలా ఆదేశం ఇవ్వడం. పెత్తనం పోయిన ముఠా తుపాకులు పట్టుకుంటుంది. ఆ కొట్లాటలో దాదాపు అందరూ పోతారు. మిగిలిన ఆ కొద్దిమందీ విసిగిపోయి, ఇంక ఎవర్నీ బలివ్వం, ఏం చేసుకుంటావో చేసుకో అంటారు. అప్పుడు కంప్యూటర్ వాళ్ళని అభినందిస్తుంది. మీరు లొంగలేదు, మానవజాతికి మీరే ఆదర్శం, తలుపులు తీస్తున్నాను అంటుంది.

మొదటి ఏడే కాదని ఉంటే ఎవరూ చచ్చేవారు కాదు. తలుపు దగ్గర విన్న గొంతులు ఎవరివో, ఎందుకు అలా వాదులాడుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది.

బలికి తీసుకెళ్ళే దారిలో మనమూ నడవచ్చు. చివర్లో ఒక గది, ఒక కుర్చీ, ఎదురుగా తెర. కూర్చుంటే నీ జీవితం ఎంత చక్కగా గడిచిందో చెప్పే ఒక హాయైన సినిమా మొదలవుతుంది. అది అయిపోగానే గోడలు తెరుచుకుని రోబోలు కాల్చడం మొదలుపెడతాయి. మన చేతిలో ఆయుధాలుంటాయి కాబట్టి మనం బతుకుతాం. మనకి ముందు అక్కడ కూర్చున్నవాళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

ఇదంతా అయ్యాక మనం చెయ్యగలిగింది సామాను తీసుకుని బయటికి రావడమే. ఎటు మొగ్గాలని ఎవరూ అడగరు. ఏ పక్షానికీ మన మీద గౌరవం పెరగదు. నేను ఆడిన ఇన్ని ఆటల్లో నన్ను ఇంతగా కదిపిన చోటు ఇంకొకటి లేదు.

నిర్ణయాలని పేరుపెట్టినవి

ఇప్పుడు దీని పక్కన ఫాల్‌అవుట్ 3లోని మెగాటన్‌ని పెట్టి చూడండి. 2008లో ఆ ఆట వచ్చినప్పుడు అందరూ చెప్పుకున్నది దాని గురించే. ఊరి నడుమ పేలని అణుబాంబు. దాన్ని నిర్వీర్యం చేసి ఊరిని కాపాడతావా, మిస్టర్ బర్క్ ఇచ్చే డబ్బుకి ఆశపడి పేల్చేస్తావా? పేలిస్తే టెన్‌పెన్నీ టవర్లో ఒక గది, కాపాడితే ఊళ్ళోనే ఒక ఇల్లు. దూరంగా మేడ మీది నుంచి మీట నొక్కి పొగ పుట్టగొడుగులా లేవడం చూడటం గొప్ప దృశ్యమే, కాదనను. కానీ ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఏది పుణ్యమో ఏది పాపమో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైగా చిత్రగుప్తుడు పక్కనే కూర్చున్నట్టు ఆ ఆట మన కర్మ ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో అప్పటికప్పుడే చెప్పేస్తుంది. లెక్క వాళ్ళే చేసి పెట్టేశాక మన మనసుకి పనేముంటుంది?

ఆ ఘట్టంలో నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. పేల్చేశాక మళ్ళీ అటు వెళితే, దుకాణం నడిపిన మొయిరా బ్రౌన్ బతికే ఉంటుంది. రేడియేషన్‌కి ఒళ్ళు మాడి ఘూల్‌గా మారి, అదే ఉత్సాహంతో పలకరిస్తుంది. మీట నొక్కినప్పుడు తెలియనిది ఆమెని చూశాకే తెలుస్తుంది. అంటే అక్కడ కూడా పనిచేసింది జరిగిపోయినదాని దగ్గరికి తిరిగి వెళ్ళడమే.

ఇదే ఆటలో నిర్ణయం నిజంగా బరువుగా అనిపించే చోటు ఒకటుంది, దాన్ని దాచిపెడితే నేను న్యాయంగా వాదించినట్టు కాదు. టెన్‌పెన్నీ టవర్లో డబ్బున్నవాళ్ళు కాపురముంటారు. బయట ఉన్న ఘూల్స్‌ని రానివ్వరు. ఘూల్స్‌కి నాయకుడు రాయ్ ఫిలిప్స్. ఓపికగా తిరిగి, ఇరుపక్షాలనీ ఒప్పించి, ఎవరి రక్తమూ చిందకుండా అందర్నీ ఒకే చోట ఉండేలా చెయ్యచ్చు. చేసి, మనసు నిండి వెళ్ళిపోతాం. కొన్నాళ్ళకి తిరిగొస్తే పాత మనుషులు ఒక్కరూ కనిపించరు. ఏదో మాట తేడా వచ్చిందని రాయ్ అంటాడు. శవాలు నేలమాళిగలో ఉంటాయి.

నిర్ణయానికి విలువుందని చెప్పేవాళ్ళు దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. నేను కూడా దీన్నే చూపిస్తాను. మనల్ని కుదిపింది ఒప్పందం కుదిర్చిన క్షణం కాదు కదా. మనం లేనప్పుడు జరిగినదాన్ని, జరిగిపోయాక వచ్చి తెలుసుకోవడం. మంచి జరిగిందని మనం నమ్మిన చోటికే ఆలస్యంగా చేరడం.

ఆట చివర జెఫర్సన్ మెమోరియల్‌లో నీటిని శుద్ధిచేసే యంత్రాన్ని నడపాలి. లోపలికి వెళ్ళినవాళ్ళు రేడియేషన్‌కి చచ్చిపోతారు. మన వెంట ఫాక్స్ అనే సూపర్ మ్యూటంట్ ఉండచ్చు. అతనికి రేడియేషన్ అంటదు, అంతకుముందే మనకోసం అలాంటి గదిలోకి వెళ్ళి గెక్ అనే యంత్రాన్ని తెచ్చిపెట్టాడు కూడా. అయినా 2008లో వచ్చిన ఆటలో, ఇది నీ విధి, నువ్వే వెళ్ళాలి అని అతను తప్పుకుంటాడు. జనం మండిపడ్డారు. 2009లో బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగం వచ్చినప్పుడు దాన్ని మార్చారు. రాసేవాళ్ళు మన చేతికి ఒక గొప్ప నిర్ణయం పెట్టాలని తాపత్రయపడితే, వాళ్ళు సృష్టించిన మనుషులే ఇలా బుద్ధిలేనివాళ్ళలా మాట్లాడాల్సి వస్తుంది.

న్యూ వేగాస్ ముగింపు స్లైడ్ల సంగతేంటి అని అడగచ్చు. హూవర్ డ్యామ్ యుద్ధం అయ్యాక ఊరూరికీ, మనిషి మనిషికీ ఏమైందో చూపిస్తారు. మనం చేసిన ప్రతి చిన్న పనికీ అక్కడ ఒక జవాబు ఉంటుంది. రాతపరంగా అవి నాకు చాలా ఇష్టం. అయితే ఆట అక్కడితో ఆగిపోతుంది. మనం మార్చామని చెప్పే లోకంలో మనం ఒక్క అడుగు కూడా వెయ్యలేం. ఇంకోసారి ఆడాలంటే యుద్ధానికి ముందున్న సేవ్‌కి వెనక్కి పోవాలి. కాళ్ళు తిరిగే నేలంతా మనకి ముందే జరిగినవాటితో నిండి ఉంది. మన వల్ల జరిగేవి మాత్రం బొమ్మలుగా, వ్యాఖ్యానంగా మిగిలాయి. ఆటలో దేనికి ఎక్కువ చోటుందో దానంతటదే చెబుతోంది.

చదవడమే అయితే పుస్తకం చాలదా?

నా మాటకి నాకే తోచిన మొదటి అభ్యంతరం ఇది. టెర్మినల్ మీద అక్షరాలు చదవడమే గొప్పదనుకుంటే, ఇన్ని కోట్లు పోసి ఇంత లోకం కట్టడమెందుకు, ఒక నవల రాసుకుంటే పోయేది కదా?

దీనికి జవాబు నాకు జయాన్ లోయలో దొరికింది. న్యూ వేగాస్‌కి అదనపు భాగంగా 2011 మేలో వచ్చిన ఆనెస్ట్ హార్ట్స్ కథంతా అక్కడే జరుగుతుంది. జాషువా గ్రాహం చుట్టూ తిరిగే అసలు కథ బాగానే ఉంటుంది. దాని పక్కన, ఎవరూ వెళ్ళమని చెప్పని గుహల్లో, రాండల్ క్లార్క్ అనే సైనికుడు రాసుకున్న డైరీలు ఉన్నాయి. బాంబులు పడినప్పుడు అతను ఇంట్లో లేడు. భార్య, కొడుకు సాల్ట్ లేక్ సిటీలో పోయారు. చావాలనుకుంటూనే జయాన్‌కి చేరుకుని, గుహల్లో బతికాడు. ఒకప్పుడు శరణార్థులు వచ్చారు, వాళ్ళతో కలవడానికి జంకి దూరం నుంచే కాపాడాడు. వాల్ట్ 22 నుంచి వచ్చిన మనుషులు వాళ్ళని చంపి తిన్నారు. అతను వాళ్ళని వేటాడాడు. చాలా కాలానికి సిల్వీ అనే ఆడమనిషి తోడైంది. పురిటిలో ఆమె, బిడ్డ ఇద్దరూ పోయారు. మళ్ళీ ఒంటరి. ముసలితనంలో ఎక్కడినుంచో తప్పించుకొచ్చిన పిల్లల గుంపు ఆ లోయలో అడుగుపెట్టింది. తను కనపడకుండా, వాళ్ళకి కావలసినవి వదిలిపెడుతూ, ఎలా బతకాలో చీటీలు రాసిపెట్టాడు. ఒకరినొకరు హింసించుకోవద్దని చెప్పాడు.

ఇది పుస్తకంలో చదివినా బాగుంటుంది. కానీ ఆటలో నేను అతన్ని మొట్టమొదట కలిసింది మాటలతో కాదు, అతను పెట్టిన ఉచ్చుతో. గుహలోకి దూరగానే కాలికి తీగ తగిలి ఏదో పేలింది. ఎవడో దుర్మార్గుడు అనుకున్నాను. ఇంకో గుహలో డైరీ చదివాక, ఆ ఉచ్చులు ఎవరికోసం పెట్టాడో తెలిసింది. డైరీలు వరసలో దొరకవు. నా నడకని బట్టి దొరుకుతాయి. కొడుకు చనిపోయిన సంగతి తెలియకముందే ముసలితనం గురించి చదువుతాం. ఒక గుహకీ ఇంకో గుహకీ మధ్య ఏరు దాటాలి, కొండెక్కాలి, వెంటపడే జంతువుల్ని తప్పించుకోవాలి. ఆ నడకలో చదివినది నానుతుంది. అతను చూసిన కొండల్నే మనమూ చూస్తూ నడుస్తాం. ఏ పుస్తకం కూడా పేజీకీ పేజీకీ మధ్య ఇలాంటి నడక పెట్టలేదు.

చివరికి ఒక ఎత్తైన కొండ అంచున అతని అస్థిపంజరం, పక్కన అతని తుపాకీ దొరుకుతాయి. ఆ తుపాకీ బలమైనదే. నేను దాన్ని తీసుకున్నాను, ఆట ముగిసేదాకా వాడాను. వేరే ఏ తుపాకీతోనూ నాకు అంత చుట్టరికం అనిపించలేదు.

ఇందులో అన్నిటికంటే గట్టి దెబ్బ ఇంకోటుంది. ఆ లోయలో ఇప్పుడు బతుకుతున్న సారోస్ తెగ, ఆ పిల్లల సంతతే. వాళ్ళు 'గుహల్లోని తండ్రి'ని దేవుడిలా కొలుస్తారు. గుహల్లో అడుగుపెట్టడం వాళ్ళకి నిషేధం. అంటే వాళ్ళ దేవుడు భార్యకోసం ఏడ్చిన మామూలు మనిషని, వాళ్ళలో ఎవరికీ తెలిసే దారి లేదు. తెలిసినవాళ్ళం మనమొక్కరమే. వాళ్ళ మధ్య నడుస్తుంటే, వాళ్ళు ఆ పేరు ఎత్తినప్పుడల్లా చెప్పెయ్యాలని మాట గొంతు దాకా వస్తుంది.

నా వాదానికి ఎదురునిలిచే ఆట

ఇంతవరకు రాసి, ఫాల్‌అవుట్ 76 సంగతి ఎత్తకపోతే మోసమే. 2018 నవంబర్‌లో అది వచ్చినప్పుడు, నేను చెబుతున్నదాన్ని ఎవరో అక్షరాలా ఆటగా మలిచినట్టే ఉంది. వెస్ట్ వర్జీనియా అంతా తిరగచ్చు, కానీ కథలో బతికున్న మనిషి ఒక్కడు లేడు. మిగిలినవి రోబోలు, టేపులు, టెర్మినళ్ళు, శవాలు. నా లెక్క ప్రకారం అది అన్నిటికన్నా గొప్పది కావాలి. కాలేదు. దాన్ని తిట్టిపోసినవాళ్ళలో చాలామంది మొదట అన్న మాట, ఇందులో మనుషులేరీ అనే.

నేనూ ఆడాను, కొన్ని చోట్ల రాత చాలా బాగుంది. ఫ్లాట్‌వుడ్స్ అనే ఊళ్ళో రెస్పాండర్స్ అనే సహాయ సంస్థ ఉండేది. బాంబులు పడ్డాక ఫైర్ సిబ్బంది, పోలీసులు, డాక్టర్లు కలిసి మొదలుపెట్టింది. అక్కడి యంత్రం దగ్గర వాలంటీరుగా పేరు నమోదు చేసుకోమంటారు. చేసుకుంటాం. నీళ్ళు ఎలా మరగబెట్టాలో, తిండి ఎలా వండుకోవాలో ఆ సంస్థ నేర్పుతుంది. ఆ సంస్థలో ఒక్కరూ బతికిలేరు. అందరూ పోయిన చోట పేరు రాయించుకోవడం కంటే గొప్ప ఊహ ఏముంటుంది? డ్యామ్ పేల్చి చార్ల్స్టన్ నగరాన్ని ముంచేసిన దోపిడీ ముఠాల కథ కూడా టేపుల్లోనే దొరుకుతుంది, అది ఎందుకు జరిగిందో తెలిసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

అయినా కొన్నాళ్ళకి టేపులు వినడం మానేశాను. జేబులో వేసుకోవడం, తర్వాత విందాంలే అనుకోవడం. ఎందుకని చాలా ఆలోచించాను. ఆలస్యంగా రావడమే గొప్పదైతే, ఇక్కడ అది ఎందుకు పనిచెయ్యలేదు?

తెలుసుకున్నది తగిలే బతికున్న మనిషి పక్కన ఎవరూ లేకపోవడమే కారణమని నాకు తోచింది. జయాన్‌లో రాండల్ క్లార్క్ మాటలకి బరువొచ్చింది పక్కనే సారోస్ తెగ బతికుండటం వల్ల. వాల్ట్ 11 దగ్గరికొస్తే, బయట మోహావే ఎడారిలో ఇప్పుడూ ఓట్ల గురించి, నాయకుల గురించి, ఎవర్ని బలిపెడితే అందరూ బాగుపడతారనే దాని గురించి మాట్లాడే ఎన్‌సీఆర్ అనే గణతంత్రం, లీజియన్ అనే బానిసల్ని పెట్టుకునే సైన్యం ఉన్నాయి. లోపల చదివింది చెవిలో మోగుతుండగా వాళ్ళ మాటలు వింటాం. 76లో చదివింది ఎవరి మాటకీ తగలదు. తోటి ఆటగాళ్ళు ఉంటారు నిజమే, కానీ వాళ్ళు ఆ లోకానికి చెందినవాళ్ళు కారు, ఇప్పుడే వచ్చినవాళ్ళు. అందరూ ఆలస్యంగానే వచ్చారు, ఎవరికీ ఏ లోటూ జరగలేదు. 2020 ఏప్రిల్‌లో వేస్ట్‌లాండర్స్ పేరుతో మనుషుల్ని తిరిగి తెచ్చారు. పాత టేపులు చాలావరకు అలాగే ఉన్నాయి. ఊళ్ళలో మనుషులు కనపడ్డాక వాటినే మళ్ళీ వినాలనిపించింది.

కాబట్టి మొదట అన్నదాన్ని కొంచెం బిగించాలి. చచ్చినవాళ్ళ మాటలు ఉంటే చాలదు, వాటికి దగ్గర్లోనే, అవి తెలియకుండా బతుకుతున్నవాళ్ళూ ఉండాలి. ఆడేవాడు ఆ ఇద్దరి మధ్యలో నిలబడాలి.

మోసుకెళ్ళడం

ఇలా చూస్తే 1997లో వచ్చిన మొదటి ఫాల్‌అవుట్‌లోనే ఇది ఉంది. బ్రదర్‌హుడ్‌లో చేరతానని వాళ్ళ తలుపు దగ్గర నిలబడి అడిగితే, గ్లో అనే చోటికి వెళ్ళి అక్కడ పోయిన తమవాళ్ళ ఆనవాలు తెమ్మంటారు. బాంబు పడి గొయ్యి అయిన పరిశోధనాకేంద్రం అది. తాడు కట్టుకుని దిగాలి, రేడియేషన్ మందులు మింగకుండా వెళితే చావే. తిరిగిరాడనే నమ్మకంతోనే పంపుతారు. అడుగున, ఎప్పుడో వచ్చి అక్కడే చచ్చిపోయిన బ్రదర్‌హుడ్ మనిషి శవం, అతని దగ్గర హోలోడిస్క్ అనే ఒక రికార్డు. దాన్ని తీసుకొచ్చి చేతిలో పెడితే తలుపు దగ్గరున్నవాళ్ళు నోరెళ్ళబెడతారు. వాళ్ళవాళ్ళు ఎలా పోయారో బయటివాడు వచ్చి చెబితే వాళ్ళకి తెలిసింది. అక్కడ తలుపు తెరుచుకున్నది మన బలానికి కాదు, మనం తెచ్చిన కబురుకి.

న్యూ వేగాస్‌లో నొవాక్ ఊళ్ళో బూన్ ఉంటాడు. రాత్రుళ్ళు డైనోసార్ బొమ్మ నోట్లో కూర్చుని కాపలా కాస్తుంటాడు. భార్యని లీజియన్‌కి అమ్మేసింది ఎవరో కనిపెట్టమని అడుగుతాడు. మోటెల్ లాబీలో నేలకి బిగించిన సేఫ్ తెరిస్తే అందులో అమ్మకపు కాగితం. చక్కగా, మర్యాదగా, లెక్కాపత్రం లాగా రాసిన కాగితం. కడుపులో ఉన్న బిడ్డకి కూడా అందులో వెల కట్టారు. దానిమీద ఊరంతా మంచిదనే మోటెల్ యజమానురాలి పేరు. అంతకుముందు ఆవిడ నవ్వుతూ నాకు గది ఇచ్చింది. ఆ కాగితం చదివి మెట్లెక్కి బూన్ దగ్గరికి వెళ్ళే ఆ కొద్ది దూరంలో ఉన్న భారం, మెగాటన్ మీట దగ్గర నాకు కనపడలేదు. తర్వాత ఆవిడని డైనోసార్ ఎదుటికి తీసుకురావడం, బూన్ ఇచ్చిన టోపీ పెట్టుకుని కాల్చమని సైగ చెయ్యడం, అదంతా నిర్ణయమే. కానీ ఆ నిర్ణయాన్ని బరువెక్కించింది ఆ కాగితం.

అదే ఆటలో క్యాంప్ సెర్చ్‌లైట్ ఉంది. లీజియన్ వదిలిన రేడియేషన్‌కి అక్కడి ఎన్‌సీఆర్ సైనికులు ఘూల్స్‌గా మారిపోయారు. బయట మిగిలిన ఆస్టర్ అనే సార్జెంట్, వాళ్ళని ఆ బతుకు నుంచి విడిపించి మెడలోని గుర్తింపు బిళ్ళలు తెచ్చివ్వమంటాడు. ఒక్కో బిళ్ళ మనల్ని మీదపడి కరిచినవాడి మెడలోదే. తెచ్చి చేతిలో పెట్టినప్పుడు చావు కబురు చల్లగా చెప్పినట్టే ఉంటుంది, ఎందుకంటే మనకి అందులో ఒక్కరి గురించీ ఏమీ తెలీదు, అతనికి అందరూ తెలుసు. ఆ ఇళ్ళల్లో ఒకచోట ఎడ్వర్డ్స్ అనే సైనికుడు తెలివితప్పకుండా బతికే ఉంటాడు. అతన్ని చూశాక అప్పటిదాకా ఏరిన బిళ్ళల్ని జేబులో పెట్టుకుని నడవడమే కష్టమైపోయింది.

ఎక్కడ చెడుతుందంటే

ఇలాంటి రాతలన్నీ మంచివని నేను అనను. చాలావరకు అతుకుల బొంతలే. ప్రాణం పోతున్నవాడు తీరిగ్గా టెర్మినల్ ముందు కూర్చుని, తలుపు విరగ్గొడుతున్నారు, వచ్చేశారు, అని ఎందుకు టైప్ చేస్తాడు? పాస్‌వర్డ్ కావలసిన చోటికి రెండడుగుల దూరంలోనే అది రాసున్న చీటీ ఎందుకు పడి ఉంటుంది? ఇలాంటివి చదివి చదివి మనసు మొద్దుబారిపోతుంది. నాకు ఫోన్ చేసినతను పోస్టర్లు చదవకుండా దాటిపోయాడంటే, అంతకుముందు అతనికి ఎదురైన వందల పనికిమాలిన చీటీలదే ఆ పాపం.

ఇంతకన్నా బాధించేది, దుఃఖాన్ని బహుమతిగా మార్చెయ్యడం. ఫాల్‌అవుట్ 3లో కెల్లర్ కుటుంబం టేపులున్నాయి. బాంబులు పడబోతున్నాయని తెలిసి, చెల్లాచెదురైన ఒక కుటుంబం ఒక బంకర్లో కలుసుకోవాలని ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. టేపులన్నీ పోగుచేస్తే ఆ బంకర్ తలుపు కోడ్ తయారవుతుంది. తెరిస్తే లోపల ఒకేసారి బోలెడు అణుగుండ్లు విసిరే ఆయుధం. టేపులు వెతికేవాళ్ళలో ఎక్కువమంది దానికోసమే వెతుకుతారు. ఆ కుటుంబం కథ ఒక తాళంచెవి అయిపోయింది. రాండల్ క్లార్క్ తుపాకీ కూడా బహుమతే కదా అంటే, అవును. తేడా ఏంటంటే, ఆ తుపాకీ లేకపోయినా గుహల్లో దొరికింది తగ్గదు.

ఫాల్‌అవుట్ 4కి వచ్చేసరికి అస్థిపంజరాలు సామానులా మారిపోయాయి. నవ్వించడానికి పెట్టిన భంగిమలు, టెడ్డీబేర్‌లతో తమాషాలు. రెండొందల ఏళ్ళుగా అక్కడే మనుషులు కాపురముంటున్నా మూల ఉన్న ఎముకల్ని ఎవరూ ఎత్తెయ్యరు. బతికున్నవాళ్ళకే లెక్కలేని చావుని ఆడేవాడు ఎందుకు పట్టించుకుంటాడు? ఆ ఆటలో కొడుకుని వెతుక్కునే అసలు కథ కంటే నాకు నచ్చినవి కొన్ని ఉన్నాయి, యూనివర్సిటీ పాయింట్ అనే ఊరు ఒక పిల్ల కనిపెట్టిన సమాచారం వల్ల ఎలా తుడిచిపెట్టుకుపోయిందో చెప్పే టెర్మినళ్ళు అలాంటివి. కానీ చదివాక దాని గురించి ఎవరితో ఏం అనాలన్నా దారి దొరకలేదు. మాట్లాడటానికి ఆట ఇచ్చే నాలుగు జవాబుల్లో దానికి చోటు లేదు.

తమ ఇంకో ఆట ఎల్డర్ స్క్రోల్స్ 6 తర్వాతే ఫాల్‌అవుట్ 5 అని ఈ ఆటల సంస్థ బెథెస్డా 2022లోనే చెప్పింది, కాబట్టి అది ఇప్పట్లో రాదు. వచ్చేలోపు వాళ్ళు ఇంకా పెద్ద మ్యాప్ గురించి, ఇంకా ఎక్కువ ముగింపుల గురించి ఆలోచిస్తారేమో. నేను అడిగేది వేరు. మన చేతికి ఉండే పిప్‌బాయ్ అనే కంప్యూటర్‌లో చీటీల జాబితా ఎలాగూ ఉంటుంది. నేను ఏది చదివానో ఆటకి తెలుసు. చదివినదాన్ని సంబంధించిన మనిషి దగ్గర ఎత్తే వీలివ్వండి. క్వెస్ట్ అక్కర్లేదు, ఆటలో డబ్బుగా వాడే క్యాప్స్ అక్కర్లేదు, ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు అక్కర్లేదు. ఒక మనవరాలికి వాళ్ళ తాత ఆ గదిలో చివరి రోజుల్లో ఏం రాశాడో చెబితే, ఆమె నమ్మకపోవచ్చు, కోప్పడచ్చు, ఇంకోసారి చెప్పమనచ్చు. చెప్పకుండా దాచుకునే వీలూ ఉండాలి, సారోస్ లాంటివాళ్ళ విషయంలో అదే సరైనదని కొందరికి అనిపిస్తుంది, దానిమీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. వాల్ట్ 11లో తెలిసింది బ్రదర్‌హుడ్‌కి చెబితే వాళ్ళేమంటారో నాకు ఇప్పటికీ వినాలనుంది. సామాను చేతికివ్వగానే వాళ్ళు మాట్లాడింది గాలి యంత్రం గురించే.